లడ్డూ గొంతు ఆపరేషన్, ఆ తర్వాత ఆర్వీలో కొలరాడో ప్రయాణం: ఒక కేసు పూర్తి వివరాలు

లడ్డూ పదకొండేళ్ళ మగ ల్యాబ్రడార్. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే తెలుగు దంపతుల ఇంట్లో పెరిగాడు. (పేరు మార్చాను.) నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదువుకుని, చాలా ఏళ్ళుగా టెక్సస్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను. లడ్డూని రెండు నెలల పిల్లప్పటి నుంచీ చూస్తున్నది నేనే. గొంతు ఆపరేషన్ అయిన కుక్కని మోటార్ హోమ్‌లో (ఇల్లులా అమర్చిన పెద్ద బండి, దీన్నే ఆర్వీ అంటారు) ఎక్కించుకుని వేసవంతా తిరగొచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఈ కేసులో సరిగ్గా చేసినవీ, నేను పొరపాటు పడినవీ రెండూ రాస్తున్నాను.

మార్చిలో మొదటిసారి ఈ ఇబ్బందితో తీసుకొచ్చినప్పుడు ఇంటావిడ చెప్పింది ఒకటే: "డాక్టర్ గారూ, వీడి మొరుగు మారిపోయిందండీ. ఎవరో వేరే కుక్క మొరిగినట్టుంది." అంతకు ముందు రెండు మైళ్ళు నడిచేవాడు, ఇప్పుడు అర మైలుకే కూర్చుండిపోతున్నాడు. ఊపిరి లోపలికి లాగేటప్పుడు రంపంతో చెక్క కోస్తున్నట్టు చప్పుడు. నీళ్ళు తాగాక దగ్గు. ఇంకొకటి నేనే గమనించాను: క్లినిక్ నేల మీద నడుస్తుంటే వెనక కాళ్ళ గోళ్ళు గీసుకుంటున్న శబ్దం. పెద్ద వయసు ల్యాబ్రడార్‌లో ఇవన్నీ కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది లారింజియల్ పెరాలిసిస్‌నే, అంటే స్వరపేటిక పక్షవాతం.

ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రేలు తీశాం. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, అన్నవాహిక ఉబ్బి లేదు. థైరాయిడ్ పరీక్ష కూడా మామూలుగానే వచ్చింది. నిర్ధారణ మాత్రం గొంతులోకి చూస్తేనే అవుతుంది. ప్రొపొఫాల్ అనే మత్తుమందు కొద్దికొద్దిగా ఇస్తూ, పూర్తిగా మత్తులోకి పోనివ్వకుండా, గొంతు లోపల చూసే లారింగోస్కోప్‌తో చూడాలి. పక్కన టెక్నీషియన్ ఛాతీ మీద చెయ్యి వేసి, లడ్డూ ఊపిరి లాగిన ప్రతిసారీ "ఇన్... ఇన్..." అంటూ ఉంది. ఆ మాట వినగానే నా కళ్ళముందు స్వరపేటికలోని రెండు అరిటినాయిడ్ మృదులాస్థులూ తలుపు రెక్కల్లా పక్కకు విచ్చుకోవాలి. విచ్చుకోలేదు. ఊపిరి బలంగా లాగడానికి డోక్సాప్రామ్ ఇచ్చాం. అప్పుడు అవి తెరుచుకోకపోగా, గాలి లాగుడుకి లోపలికి పీల్చుకుపోయి దాదాపు మూసుకున్నాయి. ఇంక సందేహం లేదు.

ఇంటివాళ్ళకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. గొంతులో రెండు తలుపు రెక్కలుంటాయి. ఊపిరి పీల్చేటప్పుడు తెరుచుకోవాలి, మింగేటప్పుడు మూసుకోవాలి. వాటిని తెరిచే కండరానికి వచ్చే నరం దెబ్బతింది. ముసలి కుక్కల్లో ఇది గొంతుతో ఆగదు. అన్నవాహికకీ, వెనక కాళ్ళకీ వెళ్ళే నరాలు కూడా మెల్లమెల్లగా బలహీనపడతాయి. ముసలితనంలో మొదలయ్యే ఈ స్వరపేటిక పక్షవాతం, నరాల బలహీనతల జబ్బుకి ఉన్న పొడుగాటి ఇంగ్లీషు పేరుని మేం పొట్టిగా గోల్ప్ అంటాం. ఆపరేషన్‌తో నరం బాగుపడదు, గాలికి దారి మాత్రం దొరుకుతుంది.

స్పెషలిస్ట్ సర్జన్ దగ్గరికి పంపాను. ఏప్రిల్ 30న ఎడమవైపు టై-బ్యాక్ చేశారు. మెడ పక్కన కోసి, కరిగిపోని దారంతో ఎడమ రెక్కని పక్కకు లాగి, దాని కిందుండే క్రైకాయిడ్ మృదులాస్థికి కట్టేస్తారు. రెండు వైపులా ఎందుకు చేయరని ఇంటాయన అడిగారు. రెండు రెక్కలూ తెరిచి కట్టేస్తే మింగేటప్పుడు అడ్డుపడేది ఏదీ ఉండదు, తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం చాలా పెరిగిపోతుంది. ఒకవైపు చేసినా ఆ ప్రమాదం పూర్తిగా పోదు, బతికినన్నాళ్ళూ ఉంటుంది. ఈ ఆపరేషన్ అయిన 232 కుక్కల్ని చూసి 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, మొదటి ఏడాదిలోనే సుమారు ఐదింట ఒక కుక్కకు ఆస్పిరేషన్ న్యుమోనియా (తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియా) వచ్చింది. మూడేళ్ళలో దాదాపు మూడింట ఒకదానికి వచ్చింది. ఈ లెక్క ఇంటివాళ్ళకు ఆపరేషన్‌కు ముందే చెప్పాలన్నది నా పట్టుదల.

ప్రయాణం మాట

ఆపరేషన్ అయిన రెండో వారం, కుట్లు విప్పడానికి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపెట్టారు. ఆయన జనవరిలో రిటైరయ్యారు. సెకండ్ హ్యాండ్‌లో 29 అడుగుల మోటార్ హోమ్ కొన్నారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొలరాడో కొండల్లో ఉండాలని రెండేళ్ళ నాటి కోరిక. లడ్డూని బోర్డింగ్‌లో వదిలేది లేదు. "వీడి కోసమే బండి కొన్నాం డాక్టర్ గారూ, వీడు రాకపోతే మేమూ వెళ్ళం" అంది ఆవిడ.

అప్పుడు వద్దనే చెప్పాను. మొదటి ఆరు వారాలు కట్టిన దారం మీద ఒత్తిడి పడకూడదు. మొరగకూడదు, గెంతకూడదు, రొప్పకూడదు. కుదుపుల బండిలో, కొత్త చోట్ల, కిటికీ బయట ప్రతి ఉడతనీ చూసి మొరిగే కుక్కకి అది అయ్యే పని కాదు. ఇంట్లోనే ట్రాజొడోన్ అనే నెమ్మదిపరిచే మందు ఇస్తూ నిదానంగా ఉంచాం.

జూన్ 11న మళ్ళీ చూశాను. ఊపిరి చప్పుడు లేదు. బరువు 76 పౌండ్లకు దిగింది, అందులో ఆవిడ శ్రద్ధే ఎక్కువ. అప్పుడు సరే అన్నాను. వాళ్ళ మొహం చూసి ఒప్పుకున్నది కాదు, వైద్యపరంగానే వెళ్ళడం మంచిదనిపించింది. కుక్కకి మనలా చెమట పట్టి ఒళ్ళు చల్లబడదు. నాలుక చాపి రొప్పుతూ, ఆ తడి ఆవిరైతేనే వేడి దిగుతుంది. గొంతు సందు చిన్నదైనప్పుడు రొప్పడానికే ఎక్కువ శ్రమ పడాలి, ఆ శ్రమతో ఇంకా వేడెక్కుతుంది, వేడికి గొంతు వాస్తుంది, సందు ఇంకా చిన్నదవుతుంది. టై-బ్యాక్ తర్వాత ఈ సుడి బాగా నెమ్మదిస్తుంది గానీ మామూలు కుక్కంత తట్టుకోలేడు. డాలస్‌లో జూలై, ఆగస్టుల్లో వంద డిగ్రీల ఎండ (ఇక్కడ రాసినవన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలే). ఏడు వేల అడుగుల ఎత్తులో పొద్దున్నే చలి. నాలుగు నెలలు లడ్డూ ఎక్కడుండాలని నన్నడిగితే కొండల్లోనే అంటాను. సమస్యంతా అక్కడికి చేర్చడం, అక్కడ కాపాడటం.

కరెంటే ప్రాణం

ఆర్వీలో కుక్కని తీసుకెళ్ళేవాళ్ళు మంచం, బొంత, బొమ్మల గురించి ఆలోచిస్తారు. నేను ఆయనతో కూర్చుని గంటసేపు మాట్లాడింది కరెంటు గురించి. కదిలే బండిలో డ్యాష్‌బోర్డు ఏసీ గాలి వెనక సోఫా దాకా రాదు. కాబట్టి రోడ్డు మీద ఉన్నంతసేపూ జనరేటర్ వేసి పైకప్పు ఏసీ నడపాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందు నొక్కి చూడాలి. వీళ్ళ బండికి 30 ఆంప్‌ల కనెక్షన్, అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్, మైక్రోవేవ్ కలిపి పెడితే బ్రేకర్ పడిపోతుంది. వంట చేసి, తలుపేసి, షికారుకెళ్ళాక బ్రేకర్ పడిందని తెలిస్తే అప్పటికే ఆలస్యం. ఎండలో ఆపిన కార్లో పది నిమిషాల్లోనే దాదాపు 20 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరుగుతుంది. ఆర్వీ గోడలు మందంగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త సమయం దొరుకుతుంది, అంతే.

సిమ్ కార్డుతో పనిచేసే టెంపరేచర్ మానిటర్ పెట్టించాను. లోపల 80 డిగ్రీలు దాటినా, కరెంటు పోయినా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. దానికి సెల్ సిగ్నల్ కావాలి. కొండల్లో సిగ్నల్ లేని చోట ఆ యంత్రం ఉన్నా లేనట్టే. అలాంటి చోట లడ్డూని అయిదు నిమిషాలు కూడా ఒంటరిగా వదలొద్దని గట్టిగా చెప్పాను.

మిగతావి త్వరగా అయిపోయాయి. మెడకి పట్టీ జీవితాంతం వద్దు, ఛాతీ మీద కూర్చునే హార్నెస్ మాత్రమే. బండి మెట్లు నిటారుగా ఉంటాయి, వెనక కాళ్ళు బలహీనం కాబట్టి ర్యాంపు. నేల మీద రబ్బరు చాపలు. కుదుపులకి వాంతి అయితే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకని బయల్దేరడానికి రెండు గంటల ముందు మారోపిటెంట్ మాత్ర. ప్రయాణానికి ముందు నాలుగు గంటలు తిండి లేదు.

తిండి విషయం దగ్గర ఆవిడకి కష్టమైంది. లడ్డూ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ రాత్రి పెరుగన్నం తింటాడు. మెతుకు మెతుకూ విడిపోయి పల్చటి మజ్జిగలో తేలే అన్నం ఈ గొంతుకి మంచిది కాదు. నీళ్ళు ఒక దారిన, మెతుకులు ఒక దారిన పోతాయి. పొడి కిబుల్ (గింజల్లాంటి కుక్క తిండి) కూడా అంతే, నలిగి పొడి అవుతుంది. డబ్బా మాంసాన్ని పెద్ద ఉసిరికాయంత ముద్దలు చేసి, ఒక్కొక్కటీ చేత్తో పెట్టి, మింగాకే రెండోది ఇవ్వమన్నాను. ఆవిడ నా ముందే చేసి చూపించింది. అరచేతికి కాస్త నీళ్ళు రాసుకుని, మనింట్లో ముద్దపప్పు కలిపి పిల్లలకి ముద్దలు పెట్టినట్టే. లడ్డూ ముద్ద నోట్లో వేసుకుని, తల దించి, మెడ కొంచెం చాచి మింగాడు. దగ్గు రాలేదు. "పెరుగన్నం లేకుండా నిద్ర ఎలా పడుతుందమ్మా వీడికి" అంటూ కళ్ళు తుడుచుకుంది. బండి కదులుతున్నంతసేపూ నీళ్ళ గిన్నె తీసెయ్యమన్నాను. గంటన్నరకోసారి ఆపి, నిలబెట్టి, కొద్దికొద్దిగా తాగించాలి.

చివరిగా ఆయనకి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. రోజూ రాత్రి పదింటికి, లడ్డూ గాఢనిద్రలో ఉండగా, నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట లేస్తోందో లెక్కపెట్టి రాయాలి. ముప్పై లోపు ఉంటే మంచిదే. ముప్పై దాటితే నాకు ఫోన్ చెయ్యాలి. ఈ కేసులో నేను చేసిన పనులన్నిట్లో లడ్డూని నిలబెట్టింది ఆ నోట్‌బుక్కే.

దారిలో

జూన్ 14న తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరారు. ఎండ ముదరకముందే విచిటా ఫాల్స్‌లో ఆగిపోయారు. మర్నాడు టెక్సస్ ఉత్తరపు కొసన ఉండే పాన్‌హ్యాండిల్‌లో ఒక క్యాంప్‌గ్రౌండ్. మధ్యాహ్నం బయట 102 డిగ్రీలు. ప్రతి బండిలో ఏసీలు ఒక్కసారిగా నడుస్తుండటంతో వోల్టేజి పడిపోయింది. వీళ్ళ సర్జ్ ప్రొటెక్టర్ 104 వోల్టుల కంటే తగ్గితే మోటార్లు కాలిపోకుండా సరఫరా ఆపేస్తుంది. ఆపేసింది. ఏసీ ఆగిపోయింది. భార్యాభర్తలిద్దరూ బట్టలుతికే గదిలో ఉన్నారు, లడ్డూ లోపల నిద్రపోతున్నాడు. ఫోన్ మోగింది. పరుగున వచ్చి జనరేటర్ వేసేసరికి లోపల 81. లడ్డూ లేచి రొప్పుతున్నాడు గానీ చిగుళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి, జ్వరం చూస్తే 102.6. నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతు వణుకుతోంది. ఒంటికి మామూలు నీళ్ళు చల్లి ఫ్యాన్ పెట్టమన్నాను. ఐసు నీళ్ళు వద్దన్నాను. అరగంటలో పడుకున్నాడు. ఆ రోజు నుంచీ ఇద్దరిలో ఒకరు బండిలోనే ఉండేవారు.

టుకుంకారి, శాంటా ఫే మీదుగా 18న పగోసా స్ప్రింగ్స్ చేరారు. అక్కడి ఎత్తు సుమారు 7,100 అడుగులు. గాలిలో ఆక్సిజన్ మన డాలస్‌తో పోలిస్తే నాలుగో వంతుకి కాస్త తక్కువగా తగ్గుతుంది. ఊపిరితిత్తులు బాగున్న కుక్క రెండు మూడు రోజుల్లో అలవాటు పడుతుంది. మొదటి మూడు రోజులు ర్యాంపు చుట్టుపక్కలే తిప్పమన్నాను. తర్వాత సాన్ హువాన్ నేషనల్ ఫారెస్ట్‌లో పొద్దున్నే ఇరవై నిమిషాల నడక. నేషనల్ పార్కుల్లో చాలా కాలిబాటల్లోకి కుక్కల్ని రానివ్వరు, నేషనల్ ఫారెస్ట్ దారులే వీళ్ళకి అనువు. గ్రేట్ శాండ్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల నేషనల్ పార్కుకి వెళ్తామని అడిగారు, అక్కడ కుక్కల్ని అనుమతిస్తారు కూడా. ఎండాకాలం మధ్యాహ్నం ఇసుక 150 డిగ్రీల దాకా కాలుతుంది, పైగా ఎగిరే ఇసుక. వద్దన్నాను.

ఊరి మధ్యలోంచి సాన్ హువాన్ నది పారుతుంది. ల్యాబ్రడార్‌కి ప్రవాహం చూపించి ఈదొద్దనడం ఎంత కఠినమో నాకు తెలుసు. కానీ ఒక తలుపు ఎప్పుడూ తెరిచే ఉన్న గొంతుతో ఈత అంటే మునగడమే. పాదాలు తడిసేంత నీళ్ళలో నిలబడనివ్వండి, మూతి నీటికి తగలకుండా హార్నెస్ పట్టుకోండి అన్నాను. ఆవిడ వీడియో పంపింది. లడ్డూ నీళ్ళలో నిలబడి, కదలకుండా, పారుతున్న నది వైపే చూస్తున్నాడు. తోక మాత్రం ఊగుతోంది.

జంతికలు

25న డెన్వర్ నుంచి ఆవిడ చెల్లెలి కుటుంబం వచ్చింది. సాయంత్రం బండి బయట కుర్చీలేసుకుని కూర్చున్నారు. పిల్లలు జంతికలు తింటున్నారు. నేల మీద పడ్డ ముక్కలు లడ్డూ నాకేశాడు, చిన్నమ్మాయి చేతిలోది కూడా ప్రేమగా పెట్టింది. ఒక నిమిషం పాటు దగ్గాడు. తర్వాత మామూలైపోయాడు. రాత్రి ఆవిడ నాకు మెసేజ్ పెట్టింది. నేను "చూస్తూ ఉండండి" అని జవాబిచ్చాను.

ఇది నా పొరపాటు. జంతిక ముక్కలాంటి పొడి తిండి, ఆపైన దగ్గు. ఇది చాలు నేను లేచి కూర్చోడానికి. మూడు రోజులు ఉదయం, సాయంత్రం రెండు పూటలా ఊపిరి లెక్క, జ్వరం చూడమని చెప్పాల్సింది. ఇంకో తప్పు దానికంటే ముందుది. తిండి జాగ్రత్తలన్నీ ఇద్దరికి చెప్పాను, కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించమన్నాను. ఇంటికి చుట్టాలొస్తారని, పిల్లలొస్తారని, ఆర్వీ బయట కూర్చున్నవాళ్ళకి ఫ్రిజ్ కనపడదని నేను ఆలోచించలేదు. తెలుగిళ్ళలో పిల్లల చేతిలో చిరుతిండి ఉండటం, ముందు కుక్క కూర్చోవడం రోజూ జరిగేదే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలియాలి?

నోట్‌బుక్‌లో ఆయన రాసిన అంకెలు ఇవి. 24న 22. 25న 23. 26న 28. 27న 37. ముప్పై దాటగానే, రాత్రి పదిన్నరకి ఫోన్ చేశారు. తింటున్నాడా అంటే సాయంత్రం రెండు ముద్దలు వదిలేశాడన్నారు. దగ్గు లేదు. చాలామంది దగ్గు కోసం ఎదురుచూస్తారు, ముసలి కుక్కల్లో అది ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా. పొద్దుటి దాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి అన్నాను. దారిపొడవునా ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రుల జాబితా ముందే రాసిచ్చాను కాబట్టి వెతుక్కునే పని పడలేదు. అరవై మైళ్ళు నడిపి డురాంగో చేరారు.

జ్వరం 103.8. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మధ్య భాగం (లోబ్) తెల్లగా మారింది. ఆక్సిజన్ శాతం 88. అక్కడి డాక్టర్ రెండు రాత్రులు ఆక్సిజన్ గదిలో ఉంచి, సెలైన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడో రోజు ఊపిరి లెక్క 28కి దిగింది, చేతిలో ముద్ద తిన్నాడు.

ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది ఈ కేసులో నాకు అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. దెబ్బతిన్న ఊపిరితిత్తికి ఎత్తులో ఉండే పల్చటి గాలి మంచిది కాదు. కిందికి దింపాలంటే న్యూ మెక్సికో, టెక్సస్ ఎండల్లోంచి రెండు మూడు రోజుల ప్రయాణం. పైన గాలి తక్కువ, కింద వేడి ఎక్కువ. డురాంగో డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడాను. మామూలు గాలి పీలుస్తూ ఆక్సిజన్ శాతం 93 నిలుస్తోంది. డురాంగో ఎత్తు 6,500 అడుగులు. పగోసాకి తిరిగి వెళ్ళకుండా, ఆసుపత్రికి పావుగంట దూరంలో ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లోనే రెండు వారాలు ఉండమన్నాం. ఎండలో ప్రయాణం లడ్డూకి అంతకంటే పెద్ద ప్రమాదమని ఇద్దరం అనుకున్నాం.

ఆ రెండు వారాలూ ఆర్వీ చిన్న ఆసుపత్రి గదైపోయింది. రోజుకి మూడుసార్లు నెబ్యులైజర్‌తో సెలైన్ ఆవిరి, ఆ వెంటనే అరచేతిని దోసిలిలా వంచి పక్కటెముకల మీద కింది నుంచి పైకి మెత్తగా తట్టడం. కఫం కదిలి బయటికి రావడానికి అది. వేడినీళ్ళ షవర్ తిప్పి బాత్రూంలో ఆవిరి పట్టొచ్చా అని అడిగారు. ఇరుకు గదిలో వేడి ఆవిరి ఈ కుక్కకి పనికిరాదు, వద్దన్నాను. చుట్టుపక్కల క్యాంప్ ఫైర్ పొగ రాకుండా అంచున ఉన్న సైటు తీసుకున్నారు. కార్చిచ్చు పొగ ఉందేమోనని రోజూ ఎయిర్ క్వాలిటీ చూసుకునేవారు. జూలై 13న మళ్ళీ ఎక్స్‌రే తీస్తే లోబ్ దాదాపు క్లియర్ అయింది. ఇంకో వారం మందులు పొడిగించాం.

ఆగస్టు, సెప్టెంబరు ప్రశాంతంగా గడిచాయి. ఎండలు తగ్గాక, సెప్టెంబరు చివర్లో, తెల్లవారుజాముల్లోనే నడుపుతూ ఇంటికొచ్చారు.

అక్టోబరులో చూసినప్పుడు నిద్రలో ఊపిరి 21. మొరుగు బొంగురుగానే ఉంది, అది అలాగే ఉంటుంది. హార్నెస్‌కి ఆవిడ ఒక ఎర్రటి పట్టీ కుట్టింది: "నాకేమీ పెట్టకండి" అని తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు. ఇప్పుడు గొంతు ఆపరేషన్ చేయించుకున్న ప్రతి కుక్క ఇంటివాళ్ళకీ నేను ఆ పట్టీ గురించి చెబుతున్నాను. తిన్నదేదైనా పడక దగ్గితే ఆ మూడు రోజులూ ఏం చూడాలో అరపేజీలో రాసి చేతికిస్తున్నాను.

వెనక కాళ్ళు మాత్రం మార్చి కంటే బలహీనపడ్డాయి. ఎడమ పాదం ఒక్కోసారి మడతపడుతోంది, వెనక్కి తిప్పి పెడితే సర్దుకోవడానికి రెండు సెకన్లు తీసుకుంటున్నాడు. వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. వచ్చే వేసవి కూడా తీసుకెళ్తామంటున్నారు. ఏప్రిల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీసి, నడక చూశాకే చెప్తానన్నాను. ఈలోగా ర్యాంపు ఇప్పుడున్న దానికంటే రెండడుగులు పొడవైంది, వాలు తక్కువగా ఉండేది కొనమన్నాను.